దుంపజాతి పూల ఫొటోలలో ఆకు కూడా ఉండాలి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో అచ్చవుతున్న పెరటి పూల ఫొటోలలో ఈమధ్య రెయిన్ లిల్లీలు, ఫుట్‌బాల్ లిల్లీలతోపాటు నక్కవుల్లిగడ్డ, పాంక్రేషియం వంటి అరుదుగా కుండీలకెక్కే దేశవాళీ దుంపజాతులు కూడా కనిపిస్తున్నందుకు ఎంతో సంతోషిస్తున్నాను. అయితే దాదాపు అన్నిటిలోనూ పువ్వు ఒక్కటే ఉంటోంది. ఈ మొక్కల విషయంలో అది చాలదని నా మనవి.

నక్కవుల్లిగడ్డ ఎండాకాలంలో ఒక్క ఆకైనా లేకుండా పొడవాటి కాడ వేసి పూస్తుంది. ఆకులు వానలు పడ్డాకే వస్తాయి. కొండమీదికి ఏ ఒక్కసారో వెళ్లే పరిశోధకులకు ఈ రెండు దశలూ కలిసి దొరకవు, ఇంట్లో పెంచేవారికి మాత్రం ఏడాది తిరిగేసరికి ఒకే కుండీలో దొరుకుతాయి. పైగా దీనికి దగ్గరి చుట్టాలు చాలా ఉన్నాయి. వాటిలో డ్రిమియా నాగార్జునే అన్నది మన ప్రాంతం నుంచే శాస్త్రలోకానికి పరిచయమైన జాతి. పువ్వునొక్కదాన్ని చూసి ఫలానా జాతి అని తేల్చడం తొందరపాటే అవుతుంది. 1781 నుంచి మా పక్కనున్న సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించి, పూలనూ ఆకులనూ విడదీసిన పుష్పభాగాలనూ ఒకే కాగితం మీద చూపించారు. నక్కవుల్లిగడ్డను శాస్త్రీయంగా వర్ణించినదీ ఆయనే.

పాంక్రేషియం తెల్లగా, సాయంత్రం వేళ విచ్చుకుంటుంది. ఫ్లాష్ వేస్తే రేకుల నడుమనున్న పలుచని గిన్నె, దాని అంచున కేసరాల మధ్య కనిపించే చిన్న పళ్లు తెలుపులో కలిసిపోతాయి. జాతిని గుర్తించడానికి ఆ పళ్ల ఆకారం ముఖ్యం కనుక, వెనుక నల్లగుడ్డ కట్టి, ఫోన్ తెరపై పువ్వును తాకి వెలుతురు తగ్గించి, పక్కనుంచి టార్చి పట్టి తీయాలి. పక్కన ఒక స్కేలు ఉంచితే కొలతా తెలుస్తుంది.

ఆకులు పండి రాలగానే మొక్క చచ్చిపోయిందనుకుని కుండీ బోర్లించేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అప్పుడు నీళ్లు ఆపి, ఇసుక బాగా కలిపిన ఎర్రమట్టిలోనే గడ్డను పొడిగా ఉంచితే చాలు. పాంక్రేషియం తొలకరి జల్లులకు తానే మేల్కొంటుంది. నక్కవుల్లిగడ్డ విషపూరితం, చూడబోతే అచ్చం ఉల్లిగడ్డే. కాబట్టి పిల్లలకూ వంటింటికీ దూరంగా ఉంచాలి. కొండల్లో గడ్డలు తవ్వి తేవడం తప్పు. కొన్నేళ్లు ఓపిక పట్టగలిగితే విత్తనాలతోనే పెంచుకోవచ్చు.

కనుక ఒకే మొక్క పువ్వునూ ఆకునూ తీసిన తేదీలతో జంటగా పంపమని పాఠకులను కోరండి. అడవిలో తీసిన ఫొటో అయితే జిల్లా పేరు మాత్రమే వేసి, కొండ పేరు, దారి వివరాలు అచ్చువేయకండి. గడ్డలు తవ్వుకుపోయేవారు కూడా పత్రికలు చదువుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ