మట్టిగోడకు సిమెంటు పూత వద్దు

సంపాదకుడు గారికి,

పొలంలో సొంతంగా మట్టి ఇల్లు కట్టుకోవడంపై మీ వ్యాసం ‘ఖర్చు తక్కువ’ దగ్గరే ఆగిపోయింది. మట్టిగోడకు అసలు శత్రువు నీరు. అడుగున్నర ఎత్తు రాతి పునాది, రెండడుగులు బయటికి దిగిన చూరు ఉంటేనే అది నిలుస్తుంది. మేం కట్టుకున్న మట్టి ఇంటి గోడలకు తొందరపడి సిమెంటు పూశాం. లోపలి తేమ బయటికి పోలేక రెండో వానాకాలానికే పెచ్చులూడాయి. వేలు పెడితే మట్టి ముద్దగా ఊడొచ్చింది. గీకేసి సున్నం పూశాకే గోడ ఆరింది.

ఇంకోటి, సమయం. కోతలకూ దుక్కులకూ మధ్య దొరికిన రోజుల్లోనే పని సాగేది. మూడేళ్లు పట్టింది. పశువులకు సెలవుల్లేవు కదా! పిల్లలు తొక్కిన మట్టితోనే చేసిన ఇటుకల వరసలవి. ఒక ఇటుక మీద చిన్నదాని పాదం అచ్చు పడింది. దానిమీద మాత్రం సున్నం పూయనివ్వలేదు మా ఆవిడ.

– ఒక రైతు