ఇక నుంచి పిండి సాయంత్రమే

వచ్చే సోమవారం నుంచి మా దగ్గర ఇడ్లీ పిండి, దోసెల పిండి తెల్లవారుజామున దొరకవు. సాయంత్రం 4 నుంచి 7:30 దాకా మాత్రమే అమ్ముతాం. ఆదివారం సెలవు. ఇచ్చేది పొంగిన పిండి కాదు, ఆ రోజు రుబ్బిన పిండి. పొంగడం మీ ఇంట్లోనే జరగాలి. విజయవాడ సత్యనారాయణపురంలో ఇన్నేళ్లుగా ఉదయం 5 గంటలకే గిన్నె పట్టుకొచ్చేవాళ్లకి షట్టర్ మీద కాగితం అంటించి ఊరుకోవడం మర్యాద కాదనిపించింది. అందుకే ఇంత రాయాల్సి వచ్చింది.

కారణం ఇల్లు. ఊరందరి టిఫిన్ వేళే మా పిల్లల టిఫిన్ వేళ కూడా. 6 నుంచి 8 దాకా కౌంటర్ దగ్గర ఇద్దరం ఉండాలి. ఇంట్లో జడలు, క్యారేజీలు, 7:45కి స్కూలు బస్సు కూడా అప్పుడే. అదొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లం. అసలు తిప్పలు రాత్రిళ్లు.

పిండి గడియారం చూసి పొంగదు. దాన్ని పొంగించేది లూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా, పప్పుతోనే వస్తుంది. బెజవాడలో జనవరిలో రాత్రంతా బయట పెట్టినా సరిపోని పిండి, మే నెలలో ఐదారు గంటలకే టబ్బు అంచు దాటుతుంది. రాత్రి 8కి రుబ్బు ముగిస్తే ఒంటిగంటకి లేచి చూడాలి. పొంగితే వెంటనే చల్లబరచాలి, పొంగకపోతే మూడింటికి మళ్లీ లేవాలి. అరగంట ఆలస్యమైనా నడిమి భాగం కిందకి దిగి, పులుపెక్కి, ఇడ్లీ బల్లపరుపుగా వస్తుంది. అలా లేవడానికి ఇంట్లో ఉన్నది ఇద్దరు పెద్దవాళ్లం. ఎవరు లేచినా మర్నాడు పిల్లల మీద విసుక్కునేది వాళ్లే.

పెద్ద ఫ్రిజ్ కొనుక్కోవచ్చుగా అని చాలామంది అన్నారు. ఇది అందరూ అనుకున్నంత తేలిక కాదు. వెచ్చగా ఉన్న 20 లీటర్ల టబ్బుని 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టినా, అంచులు చల్లబడతాయి గానీ నడిమి భాగం చల్లబడటానికి గంటలు పడుతుంది. పొంగిన పిండి అంటే సగం గాలే, చల్లదనాన్ని లోపలికి పోనివ్వదు. తెల్లారి చూస్తే అంచున తీపి, మధ్యలో పులుపు. దానికి మందు ఒకటే, వెడల్పాటి స్టీలు ట్రేల్లో రెండు అంగుళాల మందానికి మించకుండా సర్దాలి. ఆ సర్దడం ఎప్పుడు? అదే ఒంటిగంటకి. అంటే ఫ్రిజ్ కొన్నా నిద్ర దక్కదు, కరెంటు బిల్లు మాత్రం దక్కుతుంది.

రాత్రికి మనిషిని పెట్టుకోవడం రెండో దారి. దీని మీద నెలల తరబడి ఇంట్లో వాదన నడిచింది. జీతం కలిపితే కిలో 70 రూపాయల పిండి 80 దాటుతుంది, సరే అది మీకు చెప్పుకోవచ్చు. టబ్బు మూత తీసి, వాసన చూసి, వేలితో పక్కకి తోస్తే బుడగలు ఎంత సన్నగా ఉన్నాయో చూసి, ఇక చాలు అనే తీర్పు నేర్పడానికి ఏడాదైనా పడుతుంది. నేర్చుకున్నవాళ్లు రాత్రి పనిలో ఎంతకాలం ఉంటారు? మూడో దారి, చిటికెడు సోడా. దాంతో నిమిషాల్లో పొంగుతుంది. ఆ మాట ఇంకోసారి మా గడప దగ్గర అనకండి.

ఇక కొత్త లెక్క. ఉదయం పిల్లల్ని లేపే ముందు గుళ్లు, రవ్వ నానేస్తాం. ఒక కొలత మినపగుళ్లకి రెండు కొలతల ఇడ్లీ రవ్వ, అందులో మార్పు లేదు. గుళ్లు నాలుగు గంటలు నానాలి, ఎండాకాలం మూడు చాలు. పిల్లలు స్కూల్లో ఉండగా ఐసు నీళ్లు చల్లుతూ రుబ్బుతాం. గ్రైండర్‌లో పిండి వేడెక్కితే నురగ చచ్చిపోతుంది. నానిన రవ్వని నీళ్లు పోయేలా పిండేసి, రుబ్బులో చేత్తోనే కలిపి, ఉప్పు వేసి, వెంటనే కిలో ప్యాకెట్లు చేసి చల్లబెడతాం.

మీ ఇంట్లో చేయాల్సింది ఇది. ప్యాకెట్‌లోనే ఉంచితే ఉబ్బి పగులుతుంది, కిలోకి మూడు లీటర్ల గిన్నె తీసుకోండి. మూత వదులుగా పెట్టి కింద పళ్లెం ఉంచండి. ఎండాకాలం ప్యాకెట్ రాగానే ఫ్రిజ్‌లో పెట్టి, పడుకునే ముందు మాత్రమే గిన్నెలో పోసి బయట పెట్టండి. సాయంత్రమే బయట పెట్టి మర్చిపోతే తెల్లారేసరికి పులిసిపోతుంది. చలికాలం రాగానే గిన్నెలో పోసి, ఆ గిన్నెని గోరువెచ్చని నీళ్ల పళ్లెంలో నిలబెట్టండి, 10 నుంచి 12 గంటలు పట్టొచ్చు. పొంగాక గరిటెతో గిరగిరా తిప్పకండి, అంచు నుంచి తీసుకుని రేకుల్లో వేయండి. ఆవిరి మీద 10, 12 నిమిషాలు. శనివారం రెండు ప్యాకెట్లు తీసుకుంటే రెండోది పొంగకుండా ఫ్రిజ్‌లో సోమవారం దాకా ఉంటుంది.

పొంగించే పని మాదైనప్పుడు ధర తగ్గించరా అని అడుగుతున్నారు. తగ్గించం. పొంగితే పెరిగేది ఎత్తే గానీ బరువు కాదు. మేం అమ్మేది మొదట్నుంచీ తూకం మీదే.

మొన్న వేసవిలో పిండి సరిగ్గా పొంగలేదన్న మాట కూడా ఇక్కడే తేల్చేస్తాం. పప్పు తగ్గించారా అని కొందరు ముఖం మీదే అడిగారు. ఆ మాట గట్టిగానే గుచ్చుకుంది. గుళ్లు ఇచ్చే వ్యాపారి కొత్త పంట అని చెప్పి, నిరుటి సరుకు కలిపి పంపాడు. మన డెల్టాలో వరి కోతల తర్వాతి మినుము ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. ఆ కొత్త గుళ్లు గ్రైండర్‌లో నీళ్లు అడుగుతూనే ఉంటాయి, పాతవి కాసేపటికే చాలంటాయి. అడిగితే నీళ్లు మంచివి కావేమో అన్నాడు. ఆ లెక్క మూసేశాం. ఇప్పుడు బస్తా దింపే ముందే గుప్పెడు గుళ్లు నానబెట్టి రుబ్బి, ముద్దని నీళ్ల గ్లాసులో వేస్తాం. తేలితేనే డబ్బు.

టిఫిన్ బండ్లవాళ్లు మధ్యాహ్నం రెండున్నరకి సొంత టబ్బులు తెచ్చుకుంటే తూచి ఇస్తాం. సగానికి మించి నింపనివ్వం. ఇద్దరు ముగ్గురు మాకు కుదరదని వేరే చోటికి వెళ్లారు. వాళ్లకోసం తెల్లవారుజాము బేరం మళ్లీ తెరవం.

తెల్లవారగానే షట్టర్ కొట్టే అలవాటున్నవాళ్లకి ఒక మాట. షట్టర్ వెనకే మా పడకగది, కొట్టినా తీయం. ఫోను 8 దాటాకే ఎత్తుతాం. సాయంత్రానికి ఎన్ని కిలోలు కావాలో మధ్యాహ్నం 12 లోపు వాట్సాప్‌లో పెడితే మీ పేరు రాసి పక్కన పెడతాం.