అప్రెంటిస్‌షిప్‌కు బయోడేటా రాస్తున్న మా అమ్మాయికి

చిన్నారీ,

"పని చేసిన అనుభవమే లేదు నాన్నా, బయోడేటాలో ఏం రాయను?" అని అడిగావు. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు అడుగుతున్నది ఉద్యోగం కాదు, అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉన్నదే పని నేర్చుకునేవాళ్ల కోసం. చెప్తే వింటుందా, వేళకు వస్తుందా, కరెంటు దగ్గర జాగ్రత్తగా ఉంటుందా అన్నదే కంపెనీ వాళ్లు చూసేది. కాబట్టి "అనుభవం: లేదు" అనే లైను పెట్టకు. ఆ చోట నీ చేతులతో చేసిన పనులు రాయి.

ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివావు. "వైండింగ్ వచ్చు" అని అందరూ రాస్తారు. నువ్వు కాలిపోయిన సీలింగ్ ఫ్యాన్ విప్పి, పాత కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, తీగ గేజి కొలిచి, రెండూ నోటుబుక్కులో రాసుకున్నాకే కొత్త తీగ చుట్టావు. ఆ తర్వాత మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ పరీక్షించే మీటరుతో, కరెంటు ఎక్కడా లీకవడం లేదని చూశావు. అదంతా ఆ వరసలోనే రెండు లైన్లలో రాయి. అమ్మమ్మ ఇంట్లో మెట్ల లైటుకు కింద ఒకటి, పైన ఒకటి టూవే స్విచ్చులు బిగించావు కదా, అదీ రాయి. డబ్బులు రాకపోయినా పని పనే. నేను పనిచేసే వర్క్‌షాపుకు వచ్చే బయోడేటాల్లో ఇలాంటి లైను కనబడితే మా ఇంజినీరు గారు ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతారు. చేసిన పని గురించి చెప్పడానికి నీకు టెన్షన్ ఎందుకు? చేయనిది మాత్రం ఒక్కటీ రాయకు. పెద్ద మోటార్లకు పెట్టే స్టార్ డెల్టా స్టార్టర్ కనెక్షన్ దగ్గర ఇంకా తడబడుతున్నాను అన్నావు, అది చేయి తిరిగే దాకా పక్కన పెట్టు.

ఇంటర్ అయ్యాక నానమ్మను చూసుకుంటూ ఇంట్లో ఉన్న ఏడాదిని దాచకు. ఉన్నదున్నట్టు ఒక్క లైను రాస్తే చాలు. మంచాన పడ్డ మనిషికి వేళ తప్పకుండా మందులు ఇచ్చిన పిల్లవి, అది చిన్న విషయం కాదమ్మా.

పేరు దగ్గర జాగ్రత్త. టెన్త్ మెమోలో మన ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఇనీషియల్ మాత్రమే ఉంది. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకునేలోపు ఆధార్ సరిచేయించుకో, లేకపోతే సర్టిఫికెట్లు చూసే రోజున ఇబ్బంది. కులం, అక్కాతమ్ముళ్ల వివరాలు పెళ్లి బయోడేటాకు సంబంధించినవి, ఇందులో అక్కర్లేదు. నెట్‌లో దొరికే "ఆబ్జెక్టివ్" పేరా కూడా వద్దు. ఏ ట్రేడ్‌లో శిక్షణ కోరుతున్నావో మామూలు మాటల్లో రాయి. ఒక్క పేజీ దాటనివ్వకు.

సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే రూపాయి కూడా ఇవ్వకు. శిక్షణ ఇచ్చినన్నాళ్లూ నీకు స్టైపెండ్ ఇవ్వాల్సింది శిక్షణ ఇచ్చే కంపెనీయే. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేముందు పూర్తిగా చదువు. శిక్షణ అయిపోగానే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అయినా ఆఖరి పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికెట్ నీ చేతిలో ఉంటుంది, దాంతో ఇంకోచోట ప్రయత్నించొచ్చు.

రాసింది ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఇంగ్లీషు స్పెల్లింగులు అక్క చూస్తానంది, పని వివరాలు నేను చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న