విజిట్ వీసా ప్రయాణికులకు తెలుగులో ఒక్క కాగితం ఇవ్వండి

సంపాదకుడు గారికి,

ఈసీఆర్ (విదేశాల్లో పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి అవసరమని తెలిపే) పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు పనికి వెళ్లేవారికి విదేశాంగ శాఖ ముందస్తు శిక్షణ ఇస్తోంది. కొడుకునో కూతురినో చూడటానికి విజిట్ వీసా మీద దుబాయ్, షార్జా వెళ్లే పెద్దవాళ్లకు మాత్రం చెప్పేవారే లేరు. ట్రావెల్ ఏజెంట్లు టికెట్, వీసా చేతిలో పెట్టి పంపేస్తున్నారు. మనం మర్యాద అనుకునేవి అక్కడ చాలావరకు చట్టాలే.

చిక్కు మన వంటింట్లోనే మొదలవుతుంది. దుబాయ్, షార్జా ఉన్న యూఏఈ దేశంలో గసగసాలు నిషిద్ధం. అవి నల్లమందు మొక్క గింజలు కాబట్టి మత్తుపదార్థాల కిందే లెక్క. విడిగా పొట్లం కట్టకపోయినా, కోడికూర కోసం ఇంట్లో కొట్టిన మసాలాలో కలిసిపోయి ఉంటాయి. "మా వాడికి ఇవ్వండి" అని పక్కింటివారు ఇచ్చిన పార్సిల్‌ను విప్పి చూడందే పెట్టెలో పెట్టకండి. కస్టమ్స్ వాళ్లు అడిగేది పెట్టె ఎవరిదనే. మందులదీ ఇదే సంగతి. నొప్పి తగ్గించే ట్రమడాల్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు వాడేవారు అక్కడి ప్రభుత్వం నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. మాత్రలను చిన్న డబ్బాల్లోకి మార్చకుండా, స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లాలి.

తర్వాతి ప్రమాదం ఫోన్. 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరి ఫొటో తీసినా, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని వీడియో తీసి పంపినా కనీసం 6 నెలల జైలు, లేదా లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హమ్‌ల జరిమానా, ఒక్కోసారి రెండూ. వాట్సాప్‌లో తిట్టినా కేసే. ఆపదలో ఉన్నవాడి కోసం గ్రూపులో చందాలు అడగడం మనకు మంచితనం. అక్కడ అనుమతి ఉన్న సంస్థలే విరాళాలు సేకరించాలి.

అరబ్బుల ఇంటికి పిలుపు వస్తే గహ్వా (అరబ్బీ కాఫీ) ఇస్తారు. ఫింజాన్ అనే చిన్న కప్పులో అడుగున కొద్దిగానే పోస్తారు. పిసినారితనం అనుకోవద్దు, నిండా పోయకపోవడమే వారి మర్యాద. కుడిచేత్తో అందుకుని ఒక్కటైనా తాగాలి. చాలనుకుంటే ఖాళీ కప్పును అటూ ఇటూ కాస్త ఊపి ఇవ్వాలి, లేదంటే మళ్లీ పోస్తూనే ఉంటారు. ఎడమచేత్తో ఇవ్వకూడదని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు గానీ, అరికాలు ఎదుటివారి వైపు చూపిస్తూ కూర్చోవడం మనవాళ్లు తరచూ చేసే తప్పు. ఆడవారు తామే చెయ్యి చాపితే తప్ప మగవారు కరచాలనం చేయరాదు. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంటే చాలు. "మీ ఆవిడ ఎలా ఉన్నారు" అనే బదులు కుటుంబం క్షేమమా అని అడగాలి.

దుబాయ్‌లో లైసెన్స్ ఉన్న హోటళ్లలో మద్యం దొరుకుతుంది. ఆనుకునే ఉన్న షార్జాలో పూర్తి నిషేధం. అద్దె తక్కువని షార్జాలో ఉండే పిల్లల ఇంటికి సీసా పట్టుకెళ్లడం పెద్ద పొరపాటు. రంజాన్ నెలలో పగటిపూట బయట తింటూ, తాగుతూ తిరగకూడదు. ఆ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది కనుక టికెట్ తీసేముందే చూసుకోవాలి.

ఇదంతా ఒక్క కాగితంలో పడుతుంది. ప్రతి టికెట్‌తోనూ దాన్ని ఇవ్వాలని ఏజెంట్లను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆదేశించాలి. గసగసాల మాట మొదటి వరుసలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

– ఒక పాఠకుడు, జగిత్యాల