‘మద్యానికి బానిసై’ అనే మాటకు ముందు

సంపాదకులకు,

ఆర్యా,

విశాఖ రైల్వేస్టేషన్ దగ్గరో పూర్ణా మార్కెట్ అరుగుల మీదో ఎవరైనా దిక్కులేక చనిపోతే, జిల్లా పేజీలో వచ్చే నాలుగు వరుసల వార్త తరచుగా ‘మద్యానికి బానిసై’ అనే మాటతో మొదలవుతుంది. అంతకుముందు ఆ మనిషికి ఏం జరిగిందో పాఠకుడికి తెలియదు.

పతనానికి తాగుడే మొదలా, అంతకుముందటి కష్టమా అనే ఈ పేచీ పాతదే. 1847లో లండన్ చిత్రకారుడు జార్జ్ క్రూక్‌షాంక్ ‘ది బాటిల్’ పేరుతో ఎనిమిది అచ్చుబొమ్మలు ప్రచురించాడు. తొలి బొమ్మలో సీసా ఇంట్లోకి వస్తుంది. ఆ తరువాత ఉద్యోగం పోతుంది, సామాను జప్తవుతుంది, కుటుంబం వీధిన పడి అడుక్కుంటుంది, చంటిబిడ్డ చనిపోతుంది, చివరకు భర్త అదే సీసాతో భార్యను చంపి పిచ్చాసుపత్రికి చేరతాడు. బొమ్మ బొమ్మకూ బోసిపోయే ఆ ఇంటిని చూస్తే ఎవరి మనసైనా కలుక్కుమంటుంది. అయినా ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ దానికి ఒప్పుకోలేదు. తాగుడు దుఃఖంలోనో పేదరికంలోనో అజ్ఞానంలోనో మొదలైనట్లు చూపించవలసిందని ఆయన అభ్యంతరం. నాకు ఆయన మాటే సబబుగా తోస్తుంది.

ఆ లోటు తీర్చిన బొమ్మ ఒక వారపత్రికలోనే వచ్చింది. 1869 డిసెంబరు 4న వెలువడిన ‘ది గ్రాఫిక్’ తొలి సంచికలో ల్యూక్ ఫిల్డెస్ వేసిన చిత్రంలో, ఒక్క రాత్రి తలదాచుకునేందుకు చీటీ కోసం పోలీసుస్టేషన్ గోడవారగా చలిలో నిలబడ్డ నిరుపేదలు కనిపిస్తారు. అక్కడ ఎవరి తప్పూ ఎంచలేదు. గట్టి కొయ్యదిమ్మ మీద చెక్కిన బొమ్మను సీసపు అక్షరాల పక్కనే బిగించి అచ్చొత్తగలగడం వల్లనే అది వార్తతో పాటు ఇంటింటికీ చేరింది. (ఆ పత్రికలోని ఇటువంటి బొమ్మలను చిత్రకారుడు వాన్ గో ఏరి దాచుకునేవాడు.)

ఫొటో అయితే బతికున్నవారి పరువు కాపాడవలసి, చనిపోయినవారి ముఖం దాచవలసి వస్తుంది. గీసిన బొమ్మకు ఆ ఇబ్బంది ఉండదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళల విభాగం ఉన్న ఊరిలో చెక్కగల చేతులకు కొదవ ఉండదు కనుక, ఆదివారం సంచికలో అటువంటి ఒక్క అచ్చుబొమ్మకు చోటివ్వవలసిందిగా మనవి. అది కుదరకపోతే, ఆ నాలుగు వరుసల వార్తలోనే చనిపోయిన మనిషి ఏ ఊరి నుంచి ఏ పని వెతుక్కుంటూ విశాఖకు వచ్చాడో, తెలిసినంత వరకు ఐదో వరుసగా చేర్పించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం