హాన్లేలో హైబీమ్ వేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన సెప్టెంబరులో మా అబ్బాయి పోరు పడలేక లద్దాఖ్ వెళ్లాను. రాత్రి హాన్లేలో బండి దిగితే నెత్తిన చుక్కలు తప్ప పక్కనున్న మనిషి మొహం కనబడలేదు. అంతలో వెనకొచ్చిన బండి హైబీమ్ వేసింది. అందులోంచి దిగినవాళ్లు ఫోన్ టార్చిలు వెలిగించి సెల్ఫీలు మొదలుపెట్టారు. నలుగురూ తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు. మేం దిగిన ఇంటావిడ "లైట్! లైట్!" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆమె ఇంటి కిటికీలకు దళసరి నల్ల పరదాలున్నాయి.

ఆ ఊరి కొండమీద, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, గ్రోత్-ఇండియా టెలిస్కోపు ఉంది. 2018 నుంచి పనిచేస్తోంది. దాని అద్దం 70 సెంటీమీటర్లే. కానీ పక్కన ఆపరేటర్ అక్కర్లేదు. ఎక్కడో నక్షత్రం కూలి గామా కిరణాలు ఎగజిమ్మాయని ఉపగ్రహం నుంచి కబురందితే తనే అటు తిరిగి ఫొటోలు తీస్తుంది. ఈ విస్ఫోటాలు సాధారణంగా సెకన్లలో, లేదంటే నిమిషాల్లో ముగుస్తాయి. తర్వాత మిగిలే వెలుగు కూడా గంటగంటకూ మసకబారిపోతుంది.

1999 జనవరి 23న అమెరికాలోని రాట్సీ అనే ఇలాంటి యంత్రమే, విస్ఫోటం మొదలైన 22 సెకన్లకే దాని వెలుగును పట్టేసింది. దాని కళ్లు ఏమిటనుకున్నారు? ఫొటోగ్రాఫర్లు వాడే కెనాన్ లెన్సులు, నాలుగు! మనిషైతే ఆ టైంలో కుర్చీలోంచి లేచేవాడు కూడా కాదు. అంటే ఇక్కడ కావాల్సింది భారీ అద్దం కన్నా చురుకుదనం, చీకటి. చురుకుదనం యంత్రం చూసుకుంటుంది. చీకటి మన చేతుల్లో ఉంది.

మన జపాల్-రంగాపూర్‌నే చూడండి. ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు అక్కడుంది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కణ్నుంచే పరిశీలించారు. తర్వాత హైదరాబాద్ లైట్లు, దుమ్ము అటు పాకి చుక్కల్ని చూడటం కష్టమైపోయింది. హాన్లేకీ ఆ గతి పట్టకూడదనే 2022లో దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతంగా ప్రకటించారు. ఊరివాళ్లు తమ వంతు చేస్తున్నారు. వచ్చిపోయే మనమే చేయడం లేదు.

ఏటా మన దగ్గర్నుంచి బైకుల మీద, టూర్ ప్యాకేజీల్లో ఎంతోమంది లద్దాఖ్ వెళ్తున్నారు. ట్రావెల్స్ వాళ్లు డబ్బు కట్టించుకునే రోజే ఈ సంగతి చెప్పాలి. పర్మిట్ ఇచ్చే అధికారులు "చీకటి పడ్డాక లోబీమ్, ఫ్లాష్ వద్దు, ఎర్ర టార్చి మాత్రమే" అన్న ముక్క పర్మిట్ కాగితం మీదే, పెద్దక్షరాల్లో అచ్చు వేయాలి.

- విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్, కర్నూలు