మాటిమాటికీ విమానం ఎక్కే అమ్మమ్మలకీ ఆ గేటు తెరుచుకోవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది నెల్లూరు పక్కన కోవూరు. 31 ఏళ్ళు సర్కారు బళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు, అమ్మాయి అమెరికాలో టెక్సాస్‌లో. కోడలి పురుడుకి ఒకసారి, కూతురి పురుళ్ళకి రెండుసార్లు, కోడలు తిరిగి ఉద్యోగంలో చేరినప్పుడు చంటిదాన్ని చూసుకోవడానికి మళ్ళీ రెండుసార్లు, ఇట్లా ఎనిమిదేళ్ళలో నేనూ మా ఇంటాయనా తొమ్మిదిసార్లు దేశం దాటి వచ్చాం. మా వీధిలో ఇంకో నాలుగిళ్ళలో ఇదే కథ. ఒకావిడ వస్తుంటే ఇంకొకావిడ వెళుతూ ఉంటుంది. ఆవకాయ సీసాలు, పసిపిల్లల గౌన్లు, జలుబు మాత్రలు ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, అక్కడి నుంచి విమానంలోకి పోతూనే ఉంటాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తరచుగా విదేశాలకు వెళ్ళేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఒక మంచి సదుపాయం మాలాంటి వాళ్ళ చెవిన పడటం లేదు. దాని పేరు ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్. ముందుగా రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు ఇమిగ్రేషన్ దగ్గర, అంటే దేశం దాటేటప్పుడు పాస్‌పోర్టు తనిఖీ చేసే చోట, వరుసలో నిలబడకుండా ఆటోమేటిక్ గేటులోంచి వెళ్ళిపోవచ్చు. పేరు వినగానే ఇదేదో కోటు వేసుకుని తిరిగే కంపెనీ వాళ్ళ కోసం అనుకున్నాను. చాన్నాళ్ళు అలా అనుకునే ఊరుకున్నాను. మా జిల్లాలో మాటిమాటికీ విమానం ఎక్కేది కంపెనీ వాళ్ళు మాత్రమే కాదు. పురుళ్ళకు వెళ్ళే అమ్మమ్మలూ నాయనమ్మలూ, గల్ఫ్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళూ అంతకు తక్కువ తిరగరు.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. సింగపూర్ నుంచి వచ్చి మన దక్షిణాది విమానాశ్రయం ఒకదానిలో దిగాం. అర్ధరాత్రి దాటింది. ఒకేసారి మూడు నాలుగు విమానాలు దిగినట్టున్నాయి, ఇమిగ్రేషన్ హాలు తిరునాళ్ళలా ఉంది. తాళ్ళు కట్టి వంకర్లు తిప్పిన వరుసలో నిలబడ్డాం. మా ఆయనకి కుడి మోకాలు అరిగిపోయింది. పావుగంట నిలబడితే కాలు లాగేస్తుంది. వీల్‌చెయిర్ అడగండి అంటే, "నడవగలిగినోడికి బండెందుకు" అంటారు. గంటా యాభై నిమిషాలు నిలబడ్డాం. వరుసలో మా ముందు ఉదయగిరి వైపు మనిషి, కువైట్ నుంచి నాలుగేళ్ళ తర్వాత వస్తోందట. మా ఆయన ఒంటికాలి మీద బరువు మారుస్తుండటం చూసి, తన చేతిసంచిని కింద పెట్టి, "పెద్దాయనా, దీని మీద కూచో. లోపల అన్నీ గుడ్డలే, ఏం పగలవు" అంది. వరుస జరిగినప్పుడల్లా ఆ సంచీ జరుపుతూ, ఆయన్ని లేపుతూ, కూర్చోబెడుతూ ముందుకెళ్ళాం. కౌంటర్లో అధికారి మర్యాదగానే మాట్లాడాడు, రెండు నిమిషాల్లో పంపేశాడు. ఆ రెండు నిమిషాల పని కోసమే గంటా యాభై నిమిషాలు.

ఆ మాట ఫోన్లో చెబితే మా అబ్బాయి, "అమ్మా, గేటు దగ్గర పాస్‌పోర్టు పెడితే తెరుచుకునే పద్ధతి వచ్చింది. మీరిద్దరూ రిజిస్టర్ చేసుకోండి" అన్నాడు. అప్పటి నుంచి నేను తెలుసుకున్నది, చేసి చూసింది రాస్తాను.

ఈ పథకాన్ని 2024 జూన్ 22న ఢిల్లీ విమానాశ్రయం మూడో టెర్మినల్‌లో మొదలుపెట్టారు. 2025 జనవరి 16న ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి, అహ్మదాబాద్‌లకి తెచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో అయిదు చేరి మొత్తం 13 అయ్యాయి. భారత పౌరులూ, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చేది) ఉన్నవాళ్ళూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. హోం శాఖ వెబ్‌సైట్‌లో వివరాలు నింపి, ఫొటో, పాస్‌పోర్టు పేజీలు, చిరునామా రుజువు ఎక్కించాలి. పరిశీలన అయ్యాక కబురొస్తుంది. ఆ తర్వాత వేలిముద్రలు, ముఖం ఫొటో ఇవ్వాలి. వాటిని ఆ విమానాశ్రయాల్లో గానీ, విదేశీయుల రిజిస్ట్రేషన్ ప్రాంతీయ కార్యాలయంలో గానీ తీసుకుంటారు. అయిదేళ్ళు గానీ, పాస్‌పోర్టు గడువు తీరేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. దరఖాస్తు నాటికి పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. కాబట్టి గడువు దగ్గర పడినవాళ్ళు ముందు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని ఆ తర్వాత దీని జోలికి వెళితే మంచిది.

దీనికి ఫీజు లేదు. ఒక్క పైసా లేదు. ఈ మాట పెద్ద అక్షరాలతో వేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఎందుకంటే నేను 3,000 రూపాయలు పోగొట్టుకున్నాను. ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళి అడిగితే, అక్కడి కుర్రాడు "మనిషికి 1,500 అవుద్ది మేడమ్, గవర్నమెంట్ ఫీజు" అన్నాడు. ఇచ్చాను. ఇంటికొచ్చి మా అబ్బాయికి చెబితే నెత్తి కొట్టుకున్నాడు. టైపు చేసినందుకు 100, 200 తీసుకుంటే తప్పనను, అది అతని కష్టం. లేని ఫీజు పేరు చెప్పి పెద్దవాళ్ళ దగ్గర తీసుకోవడం మాత్రం దారుణం. నేను ఇన్నేళ్ళు పిల్లలకి చదువు చెప్పినదాన్ని, నేనే నమ్మాను. సంతకం పెట్టడమే కష్టమైన వాళ్ళ సంగతేంటి?

ఇంకో గందరగోళం డిజియాత్ర అనే యాప్‌తో. మా వీధిలో ముగ్గురు, "మా ఫోన్లో డిజియాత్ర ఉందిగా, ఇంకెందుకు?" అన్నారు. అది మన దేశం లోపలే తిరిగేవాళ్ళకి విమానాశ్రయం తలుపు దగ్గర, సెక్యూరిటీ దగ్గర పనికొచ్చేది. ఇమిగ్రేషన్‌కీ దానికీ సంబంధం లేదు.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరు ఆడవాళ్ళకి ఒకదాంట్లో పుట్టింటిపేరు, ఇంకొకదాంట్లో మెట్టినింటి పేరు. దరఖాస్తులో పాస్‌పోర్టు మీద ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా రాయాలి.

మాకు ఆమోదం వచ్చాక తర్వాతి ప్రయాణంలో చెన్నైలో వేలిముద్రలు ఇచ్చాం. మా ఆయనవి వెంటనే పడ్డాయి. నావి పడలేదు. ఆధార్‌కీ ఇంతే, రేషన్ షాపు మిషన్ దగ్గరా ఇంతే. ఇన్నేళ్ళు సుద్దముక్క పట్టిన వేళ్ళు, దానికి తోడు అంట్లు. గీతలన్నీ అరిగిపోయాయి. అక్కడున్న అమ్మాయి విసుక్కోలేదు. తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంది. నా చూపుడు వేలిని తన రెండు వేళ్ళతో పట్టుకుని, అద్దం మీద కొంచెం పక్కకి ఒరిగించి నొక్కింది. నాలుగోసారికి పచ్చలైటు వెలిగింది. ఆ పది నిమిషాలూ నా గుండె దడదడలాడింది. వెనక జనం, ముందు విమానం టైము. ఆ టెన్షన్ ఏంటో పడినవాళ్ళకే తెలుసు. ఇదే పని తీరిగ్గా మా ఊళ్ళో చేసుకుని ఉంటే ఇంత ఖంగారు ఉండేది కాదు.

కానీ తిరిగొచ్చేటప్పుడు చూశాను దాని సుఖం. పాస్‌పోర్టు మిషన్ మీద పెట్టాను, వేలు పెట్టాను, కెమెరా వైపు చూశాను, అద్దం తలుపు తెరుచుకుంది. మా ఆయన నా వెనకే వచ్చి, గేటు అవతల నిలబడి, "అయిపోయిందా?" అని నన్నే అడిగారు. నిమిషం పట్టలేదు. పక్కన మామూలు వరుస అప్పటికే గోడ దాకా ఉంది. దాంట్లో తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు స్తంభానికి ఆనుకుని కనిపించారు. ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

దీనితో అన్నీ తప్పిపోతాయని ఎవరూ అనుకోకండి. విమానం కంపెనీ కౌంటర్ దగ్గర వరుస, సెక్యూరిటీ తనిఖీ, సామాన్ల కోసం ఎదురుచూపు, కస్టమ్స్ అన్నీ మామూలే. తప్పేది ఇమిగ్రేషన్ వరుస ఒక్కటే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ ఒక్కటే చాలు.

అవతలి దేశాల సంగతి వేరు. సింగపూర్‌లో ముందుగా ఏ పథకంలోనూ చేరకుండానే మనం కూడా ఆటోమేటిక్ గేట్లలోంచి వెళ్ళొచ్చు. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఎరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపుకుంటే చాలు, దానికీ ఫీజు లేదు. అమెరికాకి గ్లోబల్ ఎంట్రీ అని ఇలాంటి పథకమే ఉంది. 2017 నుంచి మన పౌరులకీ అవకాశం ఇచ్చారు. దానికి మాత్రం ఫీజు ఉంది. 2024 అక్టోబరు నుంచి 120 డాలర్లు, అంటే మన డబ్బుల్లో 10,000 పైమాటే. దరఖాస్తు తిరస్కరించినా ఆ డబ్బు వెనక్కి రాదు. వివరాలు పరిశీలించి ముందస్తు ఆమోదం ఇచ్చాక ఇంటర్వ్యూ ఉంటుంది, దాన్ని అమెరికాలో దిగినప్పుడే చాలా విమానాశ్రయాల్లో పూర్తి చేసుకోవచ్చు. అయిదేళ్ళు చెల్లుతుంది. ఇది వీసాకి బదులు కాదు, వీసా ఎటూ ఉండాలి. మేం రెండేళ్ళకోసారి వెళతాం కాబట్టి చేరలేదు. ఏటా వెళ్ళేవాళ్ళకి దండగ కాదనే నా అభిప్రాయం.

అయితే దాంట్లో చేరినవాళ్ళు సామాన్ల విషయంలో ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పచ్చళ్ళైనా, మన నెల్లూరు మలైకాజా అయినా, తినేది ఏదున్నా ఉందని చెప్పాలి. పచ్చి కరివేపాకు, గూడూరు నిమ్మకాయలు, మామిడిపళ్ళు, మాంసం పచ్చళ్ళు అసలు పెట్టుకోకూడదు. చెప్పకుండా దొరికితే జరిమానాతో పోకపోవచ్చు, ఆ సభ్యత్వమూ ఊడొచ్చు. మనవడికి ఇష్టమని కరివేపాకు గుడ్డలో చుట్టి చీరల మధ్య పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి మానండి.

ఇక నేను అడగదలచుకున్నది. ఆ 13 విమానాశ్రయాల్లో ఆంధ్రప్రదేశ్‌ది ఒక్కటీ లేదు. నెల్లూరు వాళ్ళకి దగ్గరంటే చెన్నై, దాదాపు 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్ళకి 300 దాకా ఉంటుంది. కేవలం వేలిముద్ర కోసం అంత దూరం ఎవరు పోతారు? ప్రయాణం రోజే ఇవ్వొచ్చు నిజమే, కానీ ఆ రోజు ఉండే హడావిడిలో పెద్దవాళ్ళు ఆ జోలికే పోరు. పాస్‌పోర్టు కోసం వెళ్ళినప్పుడు పది వేళ్ళ ముద్రలూ, ఫొటో మన జిల్లాల్లోనే తీసుకుంటున్నారు కదా. ఆ మిషన్లు, ఆ కుర్చీలు, ఆ సిబ్బంది ఇక్కడే ఉన్నారు. నెలకి రెండు రోజులైనా నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఈ పథకానికి వేలిముద్రలు తీసుకోవచ్చు. నేను కొత్తగా అడుగుతున్నదీ కాదు. 2025 జనవరిలో అహ్మదాబాద్‌లో ఈ సదుపాయాన్ని విస్తరించినప్పుడు, పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఇచ్చేటప్పుడే రిజిస్ట్రేషన్ చేసే వీలు చూడాలని కేంద్ర హోం మంత్రి అమిత్ షా గారే అన్నారు. ఆ మాటని మన పార్లమెంటు సభ్యులు పట్టుకుని అడగాలి. విజయవాడ విమానాశ్రయాన్నీ ఈ జాబితాలో చేర్చమని అడగాలి.

దరఖాస్తు ఎలా నింపాలో తెలుగులో ఒక్క కాగితం చాలు. పాస్‌పోర్టు కేంద్రం గోడకి అంటిస్తే వేల మంది చూస్తారు. దాని కింద "దీనికి రుసుము లేదు" అని ఎర్ర అక్షరాలు ఉండాలి. జిల్లా కలెక్టర్ గారు తలుచుకుంటే నెట్ సెంటర్లలో కూడా ఆ బోర్డు పెట్టించగలరు. గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి ఇది వర్తిస్తుందో లేదో, ఏ పాస్‌పోర్టు అయితే వీలవుతుందో ఆ ఉదయగిరి మనిషిలాంటి వాళ్ళు అడిగితే ఓపిగ్గా తెలుగులో చెప్పే మనిషి ఒకరు అక్కడ కూర్చోవాలి. ఆమె పేరు కూడా నేను అడగలేదు ఆ రాత్రి. సంచీ భుజాన వేసుకుని, "కాలికి ఆముదం పట్టియ్యమ్మా" అని చెప్పి జనంలో కలిసిపోయింది.

మా ఎదురింటావిడ సంక్రాంతి వెళ్ళాక కూతురి పురుడుకి బయల్దేరుతోంది. ఆవిడకిది మొదటి విదేశీ ప్రయాణం కాదు, మూడోది. నిన్న సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చుని ఫోన్లో దరఖాస్తు నింపాను. పాస్‌పోర్టు చూసి పేరు ఒక్కో అక్షరం పైకి చదువుతుంటే ఆవిడ తలూపుతూ ఉంది. అంతా అయ్యాక తన బొటనవేలు చూపించి, "ఈ ముద్రేదో నెల్లూరులో ఏస్తే పోలా అక్కా? బస్సెక్కితే అరగంటలో పోయొస్తానే" అంది. సంక్రాంతి లోపు ఆ ఏర్పాటు జరిగితే ఆవిడని నేనే దగ్గరుండి తీసుకెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
కోవూరు, నెల్లూరు జిల్లా.